ఊరి పండుగలో ఏ పని కాంట్రాక్టుకు ఇవ్వొచ్చు, ఏది ఇళ్ల చేతుల్లోనే ఉండాలి?

డిండి వాగు (ప్రశ్న)

దేవరకొండ దిక్కు ఊరు. మూడు వందల పైచిలుకు గడప, పొలిమేరలో రెండు లంబాడ తండాలు. పీర్ల పండుగ (మొహర్రం), బతుకమ్మ, మల్లన్న పట్నం (మల్లన్న పేర రంగు పొడులతో ముగ్గు వేసి ఒగ్గు కథ చెప్పించడం) ఊర్లో, తీజ్ (ఆడపిల్లల గోధుమ మొలకల పండుగ) తండాల్లో. ఏదీ ఆగలేదు. కానీ ఇప్పుడు కమిటీ ఇంటికింత అని చందా ఎత్తి టెంటు, లైట్లు, డీజే, వంట అన్నీ ఒకరికే మాట్లాడేస్తోంది. జనం తగ్గలేదు. వస్తున్నారు, నిలబడి చూస్తున్నారు, సెల్లులో తీసుకుంటున్నారు, పోతున్నారు. ఒక వాడకట్టుకు ఇంకో వాడకట్టుతో పని పడటం లేదు. మునుపు పండుగలో కలిసినవాళ్లే నాట్లకు, పెళ్లికి, చావుకు ఒకరింటికి ఒకరు పోయేవాళ్లు.

కమిటీ ముందు ఒక కాగితం పెట్టాలనుకుంటున్నాం: ఏ పనులు పైసలిచ్చి చేయించుకున్నా నష్టం లేదు, ఏవి ఇళ్ల మీదనే ఉంచాలి, ఎందుకు? తెలిసినవాళ్లు పని పనిగా విడదీసి చెప్పండి.

చావడి అరుగు

పీర్ల పండుగ మటుకు చెప్తాను.

డీజే చప్పుడు కంటే దాని వెడల్పు ఎక్కువ నష్టం చేస్తుంది. బాక్సులు పేర్చిన బండికి పెద్ద బాట కావాలి, పైన కరెంటు తీగలు అడ్డం రాకూడదు. అందుకని సవారీ (పీర్ల ఊరేగింపు) సీసీ రోడ్డుకే కట్టుబడుతుంది. సందుల్లోని ఇళ్లకు పీరు (కర్ర మీద నిలిపిన లోహపు పంజా) పోదు. చిన్న సరిగెత్తు, పెద్ద సరిగెత్తు అనే సవారీ రాత్రుల్లో పీరు ఇంటి ముందుకు రావడం, ఇంటామె పీరు ఎత్తినాయన కాళ్ల మీద బిందెడు నీళ్లు పోయడం, ఊదు వేయడం, కుడక, దట్టీ (పీరుకు కట్టే మొక్కు గుడ్డ) ఇవ్వడం, పిల్లను పీరు కింది నుంచి దాటించడం, పండుగంతా అక్కడే ఉంది. ఆ గడపలు తప్పిపోతే మిగిలేది ఊరేగింపు ఒక్కటే. కాబట్టి కాగితంలో మొదటి మాట బాట గురించి రాయండి. నెలపొడుపుకు ముందే ప్రతి వాడకట్టు నుంచి ఒక మనిషిని తీసుకొని సందులన్నీ నడిచి బాట గీయండి. ఎస్సీ కాలనీ, తండా అందులో తప్పకుండా ఉండాలి. ఒక రాత్రి తూర్పు నుంచి మొదలైతే తర్వాతి రాత్రి పడమర నుంచి. ఎప్పుడూ చివర వచ్చే వాడకట్టుకు పీరు తెల్లారుజామున చేరుతుంది, అప్పటికి పిల్లలు పడుకొని ఉంటారు.

ఇక పనులు. చావడికి (పీర్లను నిలిపే చోటు) సున్నం, గుండం (నిప్పుల గుంత) తవ్వకం, కట్టెలు, పీర్లను చింతపండుతో తోమడం, దట్టీలు కట్టడం, పీరు ఎత్తడం, డప్పు, షర్బత్, మలీద. చాలా ఊర్లలో ఇవి కొన్ని కొన్ని ఇళ్లకు తరతరాలుగా ఉన్నాయి. ముజావర్ (పీర్ల పూజారి) దూదేకుల ఇంటాయనో ఫకీరో అయితే, గుండానికి మొదటి పోటు వేసేది ఒక రైతు ఇల్లు, కట్టెలు తెచ్చేది ఇంకో ఇల్లు. ముస్లిం గడప ఒక్కటి కూడా లేని ఊర్లలో సైతం పీర్లు లేవడానికి కారణం ఇదే. లైట్లు, మంచినీళ్ల ట్యాంకరు కాంట్రాక్టుకు ఇయ్యండి. తోమడం, దట్టీ కట్టడం మాత్రం ఇయ్యకండి.

దట్టీల దగ్గర జరిగే పొరపాటు ఒకటుంది. మొక్కుకున్న ప్రతివాళ్లూ ఇచ్చిన గుడ్డనంతా పంజా కిందనే చుడతారు. పైబరువు పెరిగి, పీరు లేచినప్పుడు కర్ర ఊగి మనిషి మీదికి వస్తుంది. మొదటి రెండు మూడు దట్టీలు పైన, మిగతావి కర్ర పొడుగునా కిందికి దించుతూ కట్టాలి. ఎత్తే మనిషి ఒక్కపొద్దుతో ఉంటాడు, పీరు వచ్చినప్పుడు ఒళ్లు తెలియదు. అందుకే ప్రతి పీరుకు పక్క మనుషులు ఇద్దరుండాలి, ఒకరు నడుము దగ్గర, ఒకరు కర్ర దగ్గర. ఈ ఇద్దరిని వేరే వాడకట్టు నుంచి పెట్టండి. అట్ల పడ్డ చెలిమి ఏడాది పొడుగునా నిలుస్తుంది.

గుండం నాలుగైదు అడుగుల వెడల్పు, మోకాలి లోతు చాలు. ఎండిన తుమ్మ మొద్దులే వేయాలి, నిప్పు నిదానంగా, సమంగా దిగుతుంది. పచ్చి కట్టె, పాత పలకలు, ప్లైవుడ్ ముక్కలు వద్దు. వాటిలో మేకులుంటాయి, జిగురు కాలి పొగ కమ్ముతుంది. కట్టె అంటుకోలేదని పెట్రోలు పోయడమే చాలా ప్రమాదాలకు మూలం. సాయంత్రమే అంటించి మంట పూర్తిగా తగ్గి నిప్పు మీద బూడిద పొర వచ్చినంక దాటాలి. పాలిస్టర్ లుంగీ, ప్లాస్టిక్ చెప్పు గుండం దగ్గరికి రానియ్యకండి. ఇసుక, రెండు డ్రమ్ముల నీళ్లు పక్కనే ఉండాలి. చంద్రమానం లెక్క కాబట్టి పండుగ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2025లో జూలై 6న పడింది, 2029, 2030 నాటికి మే ఎండల్లో పడుతుంది. అప్పుడు చుట్టూ ఎండుగడ్డి, గడ్డివాములు ఉంటాయి. గుండం చోటు ఇప్పుడే ఆలోచించండి.

స్పెయిన్‌లో శాన్ పెద్రో మన్రికే అనే ఊళ్లో ఏటా జూన్ 23 రాత్రి నిప్పుల మీద నడుస్తారు. నడిచేవాళ్లకూ చూసేవాళ్లకూ గుండె వేగం కొలిచి 2011లో ఒక పరిశోధన అచ్చయింది. నడిచే మనిషి గుండె వేగం ఎట్ల ఎక్కి దిగిందో, గట్టున నిలబడి చూస్తున్న చుట్టాల, స్నేహితుల గుండె వేగం కూడా అట్లనే ఎక్కి దిగింది. బయటి నుంచి చూడవచ్చిన వాళ్లకు అది జరగలేదు. గుండం చుట్టూ ఎంతమంది ఉన్నారన్నది పెద్ద విషయం కాదన్నమాట. దాటుతున్నది ఎవరి కొడుకో తెలిసినవాళ్లు ఎంతమంది ఉన్నారో చూడండి. బారికేడ్లు కట్టి ఊరోళ్లను ఇరవై గజాల దూరం తోసి, ముందు వరుస అతిథులకు ఇచ్చే పద్ధతి అందుకే తప్పు.

మలీద ఇంటింటా చేయాలి. కిలో గోధుమపిండి రొట్టెలకు ముప్పావు కిలో కంటే కాస్త తక్కువ బెల్లం, నూరు గ్రాముల నెయ్యి, సోంపు, యాలకులు. రొట్టె వేడి మీదనే నలపాలి, చల్లారితే పెళుసై బెల్లం పట్టదు. చెమ్మ పట్టిన బెల్లమైతే ఉండలు కడుతుంది, తురిమి కాసేపు ఎండలో పెట్టండి. ఫాతెహా (ప్రార్థన) అయినంక ప్రతి ఇంటి మలీదలో కొంత చావడిలో ఉంచుకొని అంతా ఒకే గంపలో కలిపి పంచుతారు. ఎవరింటిదో తెలియకుండా అందరి నోట్లో అందరిదీ పడుతుంది. వంటవాళ్లతో డేగిసాలో చేయించిన రోజు ఈ కలపడం పోతుంది.

ఒక్కమాట. ఇది క్రీ.శ. 680లో కర్బలాలో ఇమాం హుస్సేన్ అమరుడైన దినాల సంతాపం. ఊరు దాన్ని పండుగ అంటుంది, అసోయ్‌దూలా ఆట ఆడుతుంది, ముజావర్లు కూడా దానికి అభ్యంతరం చెప్పరు. సినిమా పాటలు పెడితే మాత్రం వాళ్లు నొచ్చుకుంటారు, పైకి చెప్పకపోయినా.

రేగుముళ్లు

రామ్ రామ్. మాది తండా, తీజ్ గురించి చెప్తాను.

తీజ్‌లో కాంట్రాక్టుకు ఇయ్యగలిగింది షామియానా ఒక్కటే. మిగతాదంతా పెండ్లికాని ఆడపిల్లల చేతిలో ఉంటుంది, ఉండాలి. శ్రావణంలో పిల్లలు ముందుగా తండా పెద్ద నాయక్ దగ్గరికి పోయి అనుమతి అడుగుతారు. తర్వాత ఇంటింటికీ తిరిగి గోధుమలు, ఖర్చులకు పైసలు ఎత్తుతారు. దీన్ని కమిటీ పిల్లగాండ్లు చేసి గోధుమల మూట తెచ్చి ఇస్తున్న తండాలున్నాయి. అట్ల చేస్తే ఆడపిల్లలు ప్రతి గడపా తొక్కే ఒకే ఒక్క సందర్భం పోతుంది. మూట మోసేందుకు మగపిల్లలు వెంట పోవచ్చు, అడగాల్సింది ఆడపిల్లలే.

మొలకల సంగతి పనిగా చెప్తాను, ఎందుకంటే మొలక చెడితే ఆ పిల్ల మనసు తొమ్మిది రోజులు చెడుతుంది. విత్తనాల దుకాణంలో మందు పట్టించిన ఎర్ర గోధుమలు తేవద్దు, ఆ మొలకలు తలపాగలో పెట్టుకునేవి, చేతులతో పంచేవి. కిరాణాలో తెచ్చినవైతే నూరు గింజలు తడిగుడ్డలో కట్టి రెండు రోజులు చూడండి. ఎనభై అయిదుకు పైన మొలిస్తేనే ఆ గోధుమలు పనికొస్తాయి. సాయంత్రం నానబెట్టి పొద్దున వడకట్టాలి, అంతకు మించి నానితే పులుస్తాయి. దుస్సేరు తీగతో అల్లిన బుట్టలో పుట్టమన్ను, బాగా మాగిన మేక ఎరువు కలిపి సగానికి పైగా నింపాలి, మూడు పాళ్ల మన్నుకు ఒక పాలు ఎరువు. అడుగు వెడల్పు బుట్టకు నూట యాభై గ్రాముల గోధుమలు చాలు. ఒత్తుగా చల్లితే గాలి ఆడక మూడోనాటికి బూజు పడుతుంది. తీగ దొరకలేదని ప్లాస్టిక్ టబ్బులు తెస్తే అడుగున బొక్కలు పెట్టండి, లేకుంటే నీళ్లు నిలిచి వేర్లు కుళ్లుతాయి. పూటకింత చిలకరించాలి, మూడు పూటలా. బిందెతో పోస్తే గింజలు ఒక పక్కకు కొట్టుకుపోతాయి. మంచె మీద నీడలో పెడతాం కాబట్టి మొలక లేత పసుపులో వస్తుంది, అదే కావాలి. తొమ్మిదో నాటికి జానెడుకు కాస్త తక్కువ.

బోరడి ఝష్కేరో అనే రేగుముళ్ల ఆట గోధుమలు చల్లిన సాయంత్రమే ఉంటుంది. రేగుకొమ్మ ముళ్లకు పిల్లలు నానిన శనగలు గుచ్చుతుంటే బావ వరసవాళ్లు కొమ్మ ఊపుతారు. గుచ్చే పిల్ల ఓపిక పట్టాలి, ఊపేవాడు హద్దు ఎరగాలి. ఇప్పుడు హైదరాబాద్ నుంచి వచ్చిన పిల్లలకు ఎవరు బావ, ఎవరు అన్న వరస తెలియదు. తెలియక ఊపితే తగాదా. కొమ్మ దగ్గర ఒక పెద్ద యాడిని (తల్లి వరసామెను) నిలబెట్టండి. ఊపడానికి వచ్చిన ప్రతివానికీ ఆమె వరస చెప్పి కొమ్మ చేతికిస్తుంది. ఒక సాయంత్రంలో తండా చుట్టరికం మొత్తం పిల్లల చెవుల్లో పడుతుంది. ఇంతకంటే మంచి బడి లేదు.

ఏడోనాడు ఢమోళి, అంటే దేవత మేరమ్మకు చుర్మా (రొట్టె, బెల్లం కలిపిన ముద్ద) పెట్టడం. ఎనిమిదోనాడు మట్టితో గణగోర్ బొమ్మలు. తొమ్మిదోనాడు బుట్టలు దించి పాడుకుంటూ చెరువుకు పోవడం, అన్నదమ్ములు అక్కచెల్లెళ్ల కాళ్లు కడగడం, మొలకలు పంచడం.

సిటీలో పని చేసేవాళ్ల కోసం తీజ్‌ను మూడు రోజులకు కుదించకండి, మూడు రోజుల్లో మొలక వేలెడు కూడా రాదు. తొమ్మిదీ నడవనిచ్చి, ఊళ్లో లేని పిల్ల బుట్టకు చిన్నాన్న కూతురో పెద్దమ్మ కూతురో నీళ్లు పోయాలి. వచ్చినంక ఆ బుట్ట ఇద్దరిదీ.

ఊరికీ తండాకూ నడుమ పని అడిగారు కదా. చెరువు మీ ఊరిది. నిమజ్జనం నాడు కట్ట మీద ముళ్లు కొట్టించడం, మెట్ల దగ్గర పాచి గీకడం, లోతు దగ్గర తాడు కట్టి ఈత వచ్చిన నలుగురిని నిలబెట్టడం ఊరు తీసుకోవాలి. శ్రావణంలో చెరువు ఎంత నిండిందో ఊరి నీరటికే (చెరువు నీళ్లు చూసేవానికే) తెలుసు.

డప్పు మోత

పైన ఇద్దరూ చెప్పింది మంచి వివరం. కానీ "ఈ పని ఈ ఇంటిది" అన్న మాట దగ్గర ఆగాలి.

డప్పు ఏ ఇంటి పని? చావు కబురు ఏ ఇంటి పని? జాతరకు పొట్టేలు తోలు తీసేది ఎవరు? ఇవి కూడా తరతరాలుగా "ఇంటి పనులే". వెట్టిగా చేయించారు, గింజలో పాత బట్టో పడేశారు, కలిసి కూర్చోనియ్యలేదు. ఒక పండుగ ఊరంతటినీ కలిపినట్టు కనిపిస్తూనే ఎవరు ఎక్కడ నిలబడాలో ఏటేటా గుర్తు చేసింది. ఆ వరసను మళ్లీ తెచ్చి బంధం అంటే మా వాడకట్టు ఒప్పుకోదు. మీ కాగితంలో ప్రతి పని పక్కన రెండు గళ్లు పెట్టండి: చేసేవాళ్లు ఇష్టపడి ఒప్పుకున్నారా, కూలి ఎంత. డప్పు, డోలు, సన్నాయి, ఒగ్గు, ఇవి విద్య. బయానా (అడ్వాన్సు) ముందే, మిగతాది ఆట ముగియగానే, అందరి ముందు. కూలి ఇచ్చినందువల్ల బంధం పోదు. గౌరవం లేకుండా ఇస్తే పోతుంది. డప్పు కొట్టినవాళ్లు భోజనం చివరి పంక్తిలో కూర్చుంటే మిగతా పద్ధతులన్నీ ఎంత బాగా పాటించినా వృథా.

పాలమూరు దిక్కు కురుమూర్తి జాతర చూడండి. చిన్నచింతకుంట మండలం అమ్మాపురం గుట్ట. స్వామి నగలు ఆత్మకూరు నుంచి వస్తాయి, ఉద్దాలు (స్వామి పాదుకలు) చిన్నవడ్డెమాన్‌లో మాదిగలు నిష్ఠతో ఉండి తోలుతో చేస్తారు. ఆ ఉద్దాల ఊరేగింపే జాతరకు ముఖ్యఘట్టం. తోలు పని అని దూరం పెట్టిన లోకమే ఆ రోజు వాటిని తల మీద పెట్టించుకోవడానికి తోసుకుంటుంది. వేర్వేరు ఊర్ల నుంచి ఒక్కో వస్తువు రాకుంటే జాతర మొదలే కాదు. మంచిదే. కానీ మిగతా రోజుల్లో ఆ చేతులకు అదే మర్యాద దొరికినప్పుడే దాన్ని పూర్తి బంధం అంటాను.

ఆశ్రిత కులాల సంగతి కూడా తెలిసి ఉండాలి. మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలి, చిందు, పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులి, ముదిరాజులకు పాండవుల కథ చెప్పే కాకిపడగల. వీళ్లకు ఏయే ఊళ్లు ఎవరివో మిరాశీ (తరతరాల హక్కు) ఉంటుంది, అన్నదమ్ములు విడిపోతే ఊళ్లు పంచుకుంటారు. యూట్యూబ్‌లో బాగున్నారని వేరే మేళాన్ని పిలిస్తే మీ ఊరి మిరాశీ ఉన్న కుటుంబానికి ఆ ఏడు బువ్వ పోతుంది. ముందు వాళ్లను అడగండి, వాళ్లు రాలేమంటే వాళ్లే ఇంకొకరిని చూపుతారు.

చావడి అరుగు

డప్పు మోత అన్నా, రెండు గళ్ల మాట సరైనది. నేను చెప్పిన దట్టీ కట్టడం, పక్క మనుషులు, ఇవి ఏ ఇల్లైనా తీసుకోగలిగేవి, ఏటా మార్చాలి. మార్చకుంటే మీరన్న చోటికే పోతుంది.

తంగేడు గట్టు

బతుకమ్మకు నా వంతు, చిన్నగా.

పేర్చడం అందరికీ తెలుసు. తాంబాళంలో గుమ్మడాకులు, అంచున తంగేడు, లోపల తుంచిన ఆకుల పొత్తు గట్టిగా కూరుకుంటూ గునుగు, బంతి, కట్ల వరసలు. పొత్తు వదులైతే చెరువుకు పోయే దారిలో ఒక పక్కకు ఒరుగుతుంది. గునుగుకు రంగు ముందురోజే అద్ది ఆరనియ్యాలి. ఇప్పుడు పూలు అంగట్లో కొంటున్నారు, కొననియ్యండి. కానీ తంగేడు కోసం ఒక్క పొద్దయినా పిల్లలందరినీ గుట్టకు తీసుకపోండి, కొమ్మ విరవకుండా రెమ్మ తుంచడం నేర్పాలి, లేకుంటే మరుసటేడు పువ్వు ఉండదు.

అసలు పని పాట. ఒకామె చరణం ఎత్తుకుంటే చుట్టూ ఉన్నవాళ్లు ఉయ్యాలో అని అందుకుంటారు. వాళ్లు అందుకునే ఆ కాస్త సేపట్లో ఆమె ఊపిరి తీసుకొని తర్వాతి మాట కడుతుంది. ఆ ఖాళీలోనే ఊరి సంగతులు, పోయినవాళ్ల పేర్లు, కొత్త కోడలి ఊరు పాటలోకి వస్తాయి. రికార్డు పాటలో ఆ ఖాళీ ఉండదు. చప్పట్ల అడుగు కూడా మారి కోలాటపు గంతు అవుతుంది, అరవై ఏండ్ల ఆమె వలయంలో నుంచి బయటికొస్తుంది. ఆమెతో పాటు పాట కూడా. డీజే వద్దు, పాడే ఆమె చేతికి ఒక మైకు, చిన్న స్పీకరు చాలు. వలయం అరవై డెబ్బై మంది దాటితే చివరివాళ్లకు పాట ఆలస్యంగా వినిపించి చప్పట్లు తప్పుతాయి. రెండో వలయం కట్టి ఇంకొక పాటగత్తెను పెట్టండి.

భర్త పోయిన ఆడవాళ్లను పక్కన నిలబెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. పాటలు ఎక్కువ తెలిసింది తరచుగా వాళ్లకే. వాళ్లను పిలిచి మైకు ఇయ్యండి, కమిటీ తరఫున, బహిరంగంగా.

డిండి వాగు

అందరికీ శనార్థులు. రెండు గళ్ల కాగితం ఇప్పటికే గీశాం. మల్లన్న పట్నం ఒక్కటి మిగిలింది. ఒగ్గువాళ్లకు ఏమేం సిద్ధం చేయాలి, ఎవరితో చేయించాలి?

గట్టు మీది గజ్జెలు

మీ దిక్కు గొల్లలు, కురుమలు దురాజ్‌పల్లి పెద్దగట్టుకు పోతూనే ఉంటారు కాబట్టి పద్ధతి పెద్దవాళ్లకు తెలిసే ఉంటుంది, వాళ్లను ముందు కూర్చోబెట్టండి. అక్కడ కూడా రెండేండ్లకోసారి మాఘంలో లింగమంతుల జాతర కేసారం నుంచి దేవరపెట్టె (దేవుడి పెట్టె) గట్టుకు చేరితేనే మొదలయ్యేది. 2025 ఫిబ్రవరిలో అయిదు రోజులు నడిచింది.

మేళంలో అయిదారుగురు ఉంటారు: కథకుడు, వంత, డోళ్లు, తాళాలు. పట్నం వేయడానికి మూడు గంటలు, కథ రాత్రంతా. పట్నం చోటు ఆరడుగుల చదరం, ముందురోజే పేడతో అలికి పూర్తిగా ఆరాలి. తడి ఉంటే పసుపు, కుంకుమ చెమ్మ లాగి గీతలు కలిసిపోతాయి. సిమెంటు గచ్చు మీద వేయాల్సి వస్తే సన్నగా జాజు (ఎర్రమన్ను) పూయండి, లేకుంటే పిండి జారుతుంది. రంగులు అయిదు: పసుపు, కుంకుమ, బియ్యప్పిండి, ఆకుపొడి పచ్చ, మాడ్చిన ఊక నలుపు. ఆ కొలతకు రెండు కిలోల బియ్యప్పిండి, కిలో పసుపు, మిగతావి అరకిలో చొప్పున, అన్నీ గుడ్డలో జల్లెడ పట్టి. బరక ఉంటే వేళ్ల సందు నుంచి ధార తెగుతుంది. అంగడి రంగోలి పొడి వద్దు. పట్నం ముగిసినంక ఆ బండారి (పట్నం పసుపు) నొసటికి పెట్టుకుంటారు, పిల్లల కండ్లలో పడితే మంట.

ఈ అయిదు రంగులను అయిదు వాడకట్టులకు పంచండి. ఊక మాడ్చేది ఒకరు, ఆకు ఎండబెట్టి దంచేది ఒకరు. ఆకు నీడలో ఎండాలి, ఎండలో పెడితే గోధుమరంగు తిరుగుతుంది, కనుక వారం ముందే మొదలుపెట్టాలి. ఒక్క రంగు రాకుంటే ఒగ్గు పూజారి పట్నం మొదలుపెట్టడు, ఎవరి వాడకట్టు ఆలస్యం చేసిందో ఊరికి తెలుస్తుంది. మా దిక్కు ఇట్లనే నడుస్తుంది, ఆలస్యం చేసినవాళ్లు మరుసటేడు అందరికంటే ముందు తెస్తారు.

డోలు, డప్పు మంచుకు సడలుతాయి. టెంటు బయట గాలివాటు చూసి వరిగడ్డి కాగడా వేసి వాటిని కాచుకునే చోటు ఒకటి చూపండి, మనిషిని కాపలా పెట్టండి. టెంటు గుడ్డ కిందికి దిగి ఉంటే ఆ వైపు కాయనియ్యకండి. నడిజాము ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి కాయాల్సి వస్తుంది, ఆ రెండుసార్లూ వాళ్లకు చాయ, కథ వినేవాళ్లకు కాళ్లు చాపుకునే సమయం. కథ మధ్యలో కట్నాలు చదివించడం కథకుడు చెప్పిన చోటే చేయండి. కమిటీవాళ్లు మైకు లాక్కొని దాతల పేర్లు చదివితే వంత తెగి, మళ్లీ రాగం ఎత్తుకోవడానికి చాలాసేపు పడుతుంది.

బయానా, కూలి డప్పు మోత అన్న చెప్పినట్టే. బియ్యం, పప్పు ఇచ్చే ఆనవాయితీ ఉంటే కూలికి అదనంగా ఇయ్యండి, కూలిలో కోయకండి.

రేగుముళ్లు

డిండి వాగు అన్నా, ఆ ఆకుపచ్చ మా తండాకు రాయండి. చిక్కుడాకు మా దగ్గర దండిగా ఉంటుంది.

డిండి వాగు

రాసుకున్నం అక్కా. రెండు తండాలకు కలిపి అరకిలో, పట్నానికి ముందురోజు పొద్దుగూకేలోపు గుడి దగ్గరికి.